ఇంటికి మర్లచ్చిండా?

నా బిడ్డ కొడుకు కథలు రాస్తాడు. ఇప్పుడు ఫోన్లో చూసే చిన్న సినిమాలకు రాస్తున్నాడు, ఎప్పటికైనా పెద్ద తెరకు రాయాలని వాడి ఆశ. మొన్న చిన్న హనుమాన్ జయంతికి మాల విరమణ చేయడానికి కొండగట్టుకు వచ్చి, ఆ పనయ్యాక మా ఇంట్లో నాలుగు రోజులున్నాడు. ఒక సాయంత్రం వాకిట్లో మంచం వేసుకుని, లాప్‌టాప్ తెరిచి నాకొక పట్టిక చూపించాడు. అందులో 12 మెట్లున్నాయి. "తాతా, దునియాల ఏ హీరో కథైనా గీ మెట్ల మీదనే ఎక్కుతది, దిగుతది" అన్నాడు.

నేను కథలు రాసినవాణ్ని కాను, చూపించినవాణ్ని. 1969లో జగిత్యాలలో ఒక టాకీసులో రీళ్లు చుట్టే పిల్లగాడిగా చేరాను, తర్వాత ఆపరేటర్నయ్యాను. మిషన్లు పక్కకు జరిపి డిజిటల్ పెట్టెలు తెచ్చేదాకా 40 ఏళ్లు ఆ క్యాబిన్‌లోనే గడిచాయి. పౌరాణికాలు, జానపదాలు, సాంఘికాలు, ఒక్కో బొమ్మను వందసార్లు చూసిన కండ్లివి. ఆ నాలుగు రోజుల్లో వాడికి చెప్పినవీ, చెప్పబోయి మరిచిపోయినవీ వరుస నంబర్లు వేసి రాసి పెడుతున్నాను.

1. వీపులు చూడు

ఆపరేటర్ క్యాబిన్ గోడకు చిన్న చిన్న కిటికీలుంటాయి. ఒకదాంట్లోంచి వెలుతురు పోతుంది, ఇంకొకదాంట్లోంచి ఆపరేటర్ చూస్తాడు. మా కాలంలో ఆ వెలుతురుకు బల్బు లేదు, కార్బన్ కడ్డీలుండేవి. రెండు కడ్డీల మొనలు దగ్గరికి తెస్తే మధ్యలో కండ్లు పోయేంత తెల్లటి నిప్పు పుడుతుంది. కడ్డీ కాలిన కొద్దీ సందు పెరుగుతుంది, తెర ఎర్రబారుతుంది, కింద ఈలలు మొదలవుతాయి. అందుకని ఒక చెయ్యి ఎప్పుడూ ఆ మర మీదనే ఉండాలి. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు ఆడుతుంది. మూడు గంటల బొమ్మ అంటే 16 వేల అడుగులు. రీలు అయిపోవచ్చినప్పుడు తెర కుడివైపు పైమూల ఒక చుక్క మెరుస్తుంది, అప్పుడు రెండో మిషన్ మోటారు వెయ్యాలి. కొన్ని సెకన్లకు ఇంకో చుక్క పడుతుంది, అప్పుడు ఇటు మూసి అటు తెరవాలి. ఇంత పనిలో ఆపరేటర్ తెర మొత్తం చూడడు, ఆ మూలనే చూస్తాడు. తీరిక దొరికితే జనాన్ని చూస్తాడు.

క్యాబిన్ వెనక ఉంటుంది కాబట్టి నాకు మనుషుల మొఖాలు కనపడేవి కావు. తలలు, భుజాలు, వీపులు కనపడేవి. వాటితోనే చదువుకోవడం నేర్చుకున్నాను. ఆడవాళ్లు కొంగుతో కండ్లు తుడుచుకుంటే మోచేయి పైకి లేస్తుంది. 1963లో వచ్చిన 'లవకుశ'ను మా దగ్గర ఎన్నిసార్లు మళ్లీ వేసినా, పిల్లలిద్దరూ తండ్రి ఎవరో తెలియక తండ్రి ముందే తండ్రి కథ పాడుతుంటే, చీకట్లో ఒక్కసారే యాభై అరవై మోచేతులు లేచేవి. రాముడు మొదటిసారి తెర మీదికి వచ్చినప్పుడు చప్పట్లుండేవి, పైసలు ఎగిరేవి. మోచేతులు మాత్రం లేచేవి కావు. హీరో రాకకు చప్పట్లు కొట్టించడం కెమెరాకు తెలుసు. మోచేయి లేపించడం కథ రాసేవాడి పని. నువ్వు రాసింది నలుగురికి చూపించేటప్పుడు వెనక కూర్చో.

2. పెద్ద కథ ఒక చిన్న వెతుకులాటతో మొదలవుతుంది

మా కొండగట్టు మీద ఆంజనేయస్వామి వెలిసిన కథ ఇక్కడ పుట్టిన పిల్లలందరికీ తెలుసు. సింగం సంజీవుడనే పశువుల కాపరికి మందలో ఒక ఆవు తప్పిపోయింది. వెతికి వెతికి అలసి ఒక చింతచెట్టు కింద ఒరిగాడు. కలలో స్వామి కనపడి, నేను కోరంద పొదలో ఉన్నాను, ఎండకు వానకు ముండ్లకు నన్ను కాపాడమన్నాడు, ఆవు ఎక్కడుందో చెప్పాడు. లేచి చూస్తే ఆవు దొరికింది. గొడ్డలితో పొద కొట్టి చూస్తే స్వామి దొరికాడు.

ఈ కథను నేను నా మనవడికి రెండుసార్లు చెప్పాను. మొదటిసారి వాడు తల ఊపాడు. రెండోసారి ఆగి ఆలోచించాడు. సంజీవుడు దేవుణ్ని వెతకలేదు. లోకాన్ని కాపాడాలనుకోలేదు. ఆవు దొరక్కపోతే సాయంత్రం ఇంటికి పోయి ఏం చెప్పాలన్నదే వాడి దిగులు. పైగా కలలో దేవుడు వరమియ్యలేదు, నీడ అడిగాడు. కొండంత బలమున్న దేవుడు ఒక గొడ్ల కాపరిని నన్ను కాపాడమనడం, అదీ కథంటే.

ఇప్పటి తెర మీద మొదటి పది నిమిషాల్లోనే లోకం మునిగిపోతున్నదని చెబుతారు. లోకం మునుగుతుందంటే ఎవరి గుండె జారుతుంది? ఆవు తప్పిపోయిందంటే పశువులున్న ప్రతి ఇల్లూ లేచి నిలబడుతుంది. 2023 మార్చిలో వచ్చిన 'బలగం' చూడు. సిరిసిల్ల వైపు మనిషి వేణు యెల్దండి తీసిండు. చనిపోయిన పెద్దమనిషికి పెట్టిన ముద్దను కాకి ముట్టదు. ఇంట్లో చీలిక ఎప్పుడో ఒక నల్లిబొక్క దగ్గర మొదలైంది. కాకి, నల్లిబొక్క, అంతే సరుకు. ఊర్లలో గ్రామపంచాయతీల ముందు తెర కట్టి చూపించారు. మా ఊర్లో నేనూ అందరి వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చివర్లో బుడగ జంగాల దంపతులు పాట ఎత్తుకున్నప్పుడు ఎన్ని మోచేతులు లేచాయో లెక్కపెట్టలేకపోయాను, నా చెయ్యి నా కండ్ల మీదనే ఉంది.

3. జాంబవంతుడు లేకుండా హనుమంతుడు లేడు

సముద్రం ఒడ్డున వానరులందరూ కూర్చున్నారు. ఎవరెంత దూరం దూకగలరో ఒక్కొక్కరే చెబుతున్నారు. అంగదుడు తాను నూరు యోజనాలూ దూకగలనన్నాడు, తిరిగి రాగలనో లేదో చెప్పలేనన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకో, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను. అందరూ మాట్లాడుతుంటే హనుమంతుడు ఒక మూలన ఊరకే కూర్చున్నాడు. తన బలం తనకు గుర్తులేదు. చిన్నప్పటి అల్లరికి మునులిచ్చిన శాపమది. ముసలి జాంబవంతుడు దగ్గరికి పోయి నువ్వెవరో నీకు తెలుసా అని చెప్పడం మొదలుపెట్టాడు. విన్నకొద్దీ హనుమంతుడు పెరిగాడు.

మా వైపు తెర మీద నిలిచిన కథల్లో చాలావాటికి ఈ ముసలాయన ఏదో ఒక రూపంలో ఉన్నాడు. 'బాహుబలి'లో శివుడికి నువ్వెవరి కొడుకువో చెప్పేది కట్టప్ప. 2024 సంక్రాంతికి వచ్చిన 'హనుమాన్'లో అంజనాద్రి అనే ఊర్లో చిల్లర దొంగతనాలు చేసుకునే హనుమంతుకు దారి చెప్పడానికి ఏకంగా విభీషణుడే వస్తాడు. ఆ బొమ్మలో నాకు నచ్చిన ఇంకో సంగతి, ఆ పిల్లవాడి శక్తి ఎండ ఉన్నంతసేపే పనిచేస్తుంది. హనుమంతుడికి చదువు చెప్పింది సూర్యుడని మన ముసలివాళ్లు పిల్లలకు చెప్పే కథ. గురువు ఆకాశంలో ఉన్నంతసేపే శిష్యుడి బలం అన్నట్టుంది అది.

నాకూ ఒక జాంబవంతుడుండేవాడు. మేము ఆయనను ఉస్తాద్ అని పిలిచేవాళ్లం. ఒక రాత్రి రెండో ఆటకు ఆయనకు ఒళ్లు కాలిపోయే జ్వరం. నేనప్పటికి ఒక్కసారి కూడా సొంతంగా మిషన్ మార్చలేదు. మార్చబోతే తెర తెల్లగా అయిపోతుందనీ, కుర్చీలు విరగ్గొడతారనీ భయం. ఉస్తాద్ స్టూలు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు, లేవలేదు, చెయ్యి కలపలేదు. "రెండేండ్ల సంది నా పక్కన చూస్తనే ఉన్నవు. చుక్క చూడు, చాలు" అన్నాడు. ఆ రాత్రి చుక్క పడింది, మార్చాను, కింద ఎవరికీ తెలియలేదు. ఎవరికీ తెలియకపోవడమే ఆ పనిలో గెలుపు.

నీ కథలో గురువు పాత్ర రాసేటప్పుడు ఆయన చేతికి కత్తి ఇవ్వకు. ఆయన కొత్తగా ఏదీ తెచ్చి పెట్టడు. వాడి దగ్గర ఉన్నదాన్నే వాడికి చూపిస్తాడు.

4. బతికిన మనిషిని పురాణపు అచ్చులో పోసేటప్పుడు చెయ్యి వణకాలి

ఇది కొత్త అలవాటు అనుకోకు. కొండగట్టు నుంచి గంట ప్రయాణం చేస్తే వేములవాడ. పదో శతాబ్దంలో అక్కడ చాళుక్య రాజు రెండో అరికేసరి కొలువులో పంపడు కన్నడంలో 'విక్రమార్జున విజయం' రాశాడు. అందులో అర్జునుడు అర్జునుడే, అరికేసరి కూడా ఆయనే. ఏలుతున్న రాజును భారతంలో హీరోగా నిలబెట్టాడు. పంపడి తమ్ముడు జినవల్లభుడు గంగాధర దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట మీద చెక్కించిన శాసనంలో తెలుగు కంద పద్యాలున్నాయి. మన భాషలో అంత పాత కందాలు దొరికింది అక్కడే. అంటే కథలు చెప్పే విద్య ఈ గుట్టల్లో వెయ్యేండ్ల పైమాటే.

2022 మార్చిలో 'ఆర్ఆర్ఆర్' వచ్చినప్పుడు నేను జగిత్యాలలో టికెట్ కొనుక్కుని చూశాను. జైలు గుంతలోంచి భీమ్ రాముణ్ని తీసి భుజాల మీద ఎత్తుకుని పరుగెత్తుతుంటే హాలులో "జై హనుమాన్" అని ఎవరో అరిచారు. ఎవరూ వివరం చెప్పలేదు. భీముడూ వాయుపుత్రుడే, హనుమంతుడూ వాయుపుత్రుడే అని మా జనానికి ఎవరూ చెప్పనక్కరలేదు. సీత జాడ చెప్పే హనుమంతుడు ఈసారి సీత నోట రాముడి జాడ విన్నాడు. ఆ తిరగేత చూసి నేను కుర్చీలో ముందుకు జరిగాను. దాన్ని రాసినవాళ్లకు దండం.

అయితే ఇంటికి వచ్చాక నిద్రపట్టలేదు. తెర మీది భీమ్ ఎత్తుకుపోయిన ఒక పిల్ల కోసం పట్నం వచ్చాడు. ఆసిఫాబాద్ అడవుల్లో బతికిన కొమురం భీమ్ 12 గూడేల భూమి కోసం, నీళ్ల కోసం, అడవి కోసం నిజాం సర్కారు మీద నిలబడి, 1940లో జోడేఘాట్‌లో పోలీసు తూటాలకు ప్రాణం విడిచాడు. సినిమావాళ్లు ఇది కల్పన అని ముందే చెప్పారు, నిజమే. కానీ చివర్లో రాముడు ఏం కావాలో కోరుకోమంటే భీమ్ చదువు కావాలంటాడు. బతికిన భీమ్ అస్సాం తేయాకు తోటల్లో పనిచేసి వచ్చాడనీ, చదవడం రాయడం నేర్చుకున్నాడనీ ఆయన కథ చెప్పేవాళ్లు చెబుతారు. ఆ ఒక్క మాట నన్ను బాధపెట్టింది. అచ్చులో రాముడి పక్కన హనుమంతుడు ఉండాలి, హనుమంతుడు అడగాలి, రాముడు ఇవ్వాలి. మనిషి ఆ అచ్చులో పట్టకపోతే మనిషినే కోశారు. ఆ హనుమంతుడైనా నవవ్యాకరణాలు చదివినవాడు అంటారు మన పెద్దలు, అదీ మరిచారు.

కొమురం భీమ్ మీద 1990లో అల్లాణి శ్రీధర్ ఒక సినిమా తీశారు. అది హాళ్లకు రావడానికి ఏండ్లు పట్టింది. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన నవల ఉంది. పెద్ద బొమ్మ చూపించిన రోజే పిల్లలకు వీటి సంగతి కూడా చెప్పు. మా కేస్లాపూర్ వైపు గోండు పెద్దల కథలు పర్ధానులు కీకిరి వాయించి చెబుతారు. వాళ్లు కథ మొదలుపెట్టేముందు ఆ కథ ఏ వంశానిదో చెబుతారు. ఎవరి కథ ఎవరిదో చెప్పడం మర్యాద.

5. పట్టిక కొలిచే టేపు, గుడ్డ నువ్వే తేవాలి

ఇక వాడి 12 మెట్ల సంగతి. అమెరికాలో జోసెఫ్ క్యాంప్‌బెల్ అనే పండితుడు 1949లో వేయి ముఖాల వీరుడి మీద ఒక పుస్తకం రాశాడు. లోకంలోని పురాణాలన్నీ చదివి, వీరుడు ఇల్లు విడిచి, పరీక్షలు దాటి, ఏదో సాధించి, తిరిగి వస్తాడని చెప్పాడు. ఆయన 17 ఘట్టాలు వేశాడు. 1977లో 'స్టార్ వార్స్' తీసిన జార్జ్ లూకాస్ ఆ పుస్తకం నుంచి నేర్చుకున్నానని చెప్పుకున్నాడు. తర్వాత క్రిస్టఫర్ వోగ్లర్ హాలీవుడ్ వాళ్లకు పనికొచ్చేట్టు దాన్ని 12 మెట్లకు కుదించాడు. నా మనవడి దగ్గరున్నది అదే.

క్యాంప్‌బెల్‌ను నేను తప్పు పట్టను. మన పురాణాలు కూడా ఇష్టంగా చదివి, 1954లో మన దేశం వచ్చి తిరిగి చూసిన మనిషి. నేను వాడితో ఆ పట్టికను వాడి దీక్ష పక్కన పెట్టి చూడమన్నాను. 41 రోజులు మాల వేసుకున్నావు. చెప్పులు విడిచావు, నేల మీద పడుకున్నావు, కాషాయం కట్టావు. కాలినడకన కొండెక్కి, కోనేట్లో మునిగి, స్వామి ముందు మాల తీశావు. ఇల్లు విడవడం ఉంది, పరీక్ష ఉంది, ముగింపు ఉంది. పట్టికకు సరిపోయింది కదా అన్నాడు వాడు. సరే, మరి ఈ కథలో హీరో ఎవరు? ఆ 41 రోజులు అందరూ నిన్ను స్వామి అన్నారు. నువ్వూ అందరినీ స్వామి అన్నావు. షావుకారూ స్వామే, ఆయన దగ్గర మూటలు మోసేవాడూ స్వామే. కొండ మీద జయంతి నాడు లక్షల హీరోలుంటారు. దీన్ని ఏ మెట్టు మీద పెడతావు?

పట్టికలో లేనివి ఇంకా ఉన్నాయి. హనుమంతుడు దూకాక ఒడ్డున మిగిలిన వానరులు ఏం చేశారు? ఎదురుచూశారు. ఎదురుచూసేవాళ్లు లేకపోతే తిరిగొచ్చేవాడికి అర్థం లేదు. తిరిగొచ్చాక వాళ్లు కిష్కింధకు పోతూ దారిలో సుగ్రీవుడి మధువనంలో పడి తేనె తాగి, చెట్లు విరిచి, కాపలాదారును కొట్టారు. కాపలాదారు ఏడ్చుకుంటూ వచ్చి ఫిర్యాదు చేస్తే సుగ్రీవుడు కోపగించుకోలేదు. పని కాకపోతే నా తోట ముట్టే ధైర్యం వీళ్లకు రాదు, పనయింది అని పొంగిపోయాడు. సీత దొరికిందన్న మాట ఎవరూ చెప్పకముందే సుగ్రీవుడికి తెలిసిపోయింది. తోట పాడైందన్న ఫిర్యాదులో శుభవార్త దాచాడు వాల్మీకి! నాకు చెయ్యి తిరిగిన కథకుడంటే అట్లా కనపడతాడు.

ఒట్టి పట్టికను నమ్మితే ఏమవుతుందో 'హనుమాన్' సినిమాలోనే ఉంది. అందులో విలన్ మైఖేల్ చిన్నప్పుడే సూపర్‌హీరో కావాలనుకుంటాడు. బొమ్మల పుస్తకాల్లో హీరోలందరికీ తల్లిదండ్రులు లేరు కదా అని తన తల్లిదండ్రులనే చంపేస్తాడు. ఆ పిల్లవాడు మెట్లన్నీ లెక్కపెట్టాడు. ఎవరి కోసం ఎక్కాలో అడగలేదు.

6. రావణుడి చదువు తగ్గించకు

ఇది పొడుగ్గా చెప్పాల్సిన పని లేదు. 1957 'మాయాబజార్'లో ఘటోత్కచుడు రాక్షసుడే, ఎస్.వి. రంగారావు చేస్తే పిల్లలు వాడితోనే ఇంటికి పోతామన్నట్టు చూశారు. 1977లో ఎన్.టి. రామారావు 'దానవీరశూరకర్ణ' తీసి, కృష్ణుడూ కర్ణుడూ తానే అయ్యి, దుర్యోధనుడు కూడా తానే అయ్యాడు. మా హాలులో చప్పట్లు ఎక్కువ పడ్డది దుర్యోధనుడికే. ఎదుటివాడు ఎంత ఎత్తున్నాడో నీ హీరో అంతే ఎత్తు.

7. సీత మూట కాదు

అశోకవనంలో హనుమంతుడు సీతను నా వీపు మీద కూర్చో, ఇప్పుడే రాముడి దగ్గరికి తీసుకుపోతాను అన్నాడు. కథ అక్కడే అయిపోవచ్చు. ఆమె వద్దన్నది. రాముడే వచ్చి, రావణుణ్ని గెలిచి తీసుకుపోవాలన్నది. సముద్రం దాటినవాడి బలం ఆమె మాట ముందు ఆగింది. రామాయణంలో తర్వాతి యుద్ధమంతా ఆమె అన్న "వద్దు" మీద నిలబడింది.

ఇప్పటి బొమ్మల్లో హీరోయిన్‌ను ఎత్తుకుపోతారు, హీరో ఎత్తుకొస్తాడు. మధ్యలో ఆమెను ఎవరూ ఏమీ అడగరు. బాపు 1975లో 'ముత్యాల ముగ్గు' తీస్తే అది ఉత్తర రామాయణమే, గోదావరి ఒడ్డు ఇంట్లో జరిగిన ఉత్తర రామాయణం. నేను ఆ బొమ్మను ఆడించినప్పుడు మధ్యాహ్నం ఆటకు ఆడవాళ్లు నిండిపోయేవాళ్లు. హీరో బాధకు రాలేదు వాళ్లు. తప్పు చేయకుండా నింద మోసిన మనిషి ఎట్లా నిలబడిందో చూడటానికి వచ్చారు. నీ కథలో ఆడమనిషి "వద్దు" అనే ఒక్క చోటు పెట్టు, దాంతో కథ దారి మారేట్టు పెట్టు. అటుపైన రాయడం నీకే తేలికవుతుంది.

8. పాత తప్పును తిరిగి తీసుకురా

ఈ మధ్య చూసినవాటిలో నన్ను బాగా ఆలోచనలో పడేసింది 2024 జూన్‌లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ'. ఆ బండ్లు, ఆ యంత్రాలు నా కండ్లకు ఎక్కలేదు. అశ్వత్థామ ఎక్కాడు. భారతంలో అశ్వత్థామ ఉత్తర కడుపులో ఉన్న పిండం మీద అస్త్రం వేశాడు. ఆ పాపానికి చావు లేకుండా తిరగమని కృష్ణుడు శపించాడు. నాగ్ అశ్విన్ తీసిన ఈ బొమ్మలో వేల ఏండ్ల తర్వాత ఆ ముసలి అశ్వత్థామ ఇంకొక తల్లి కడుపులో ఉన్న బిడ్డను కాపాడటానికి లేస్తాడు. కడుపులో బిడ్డను చంపబోయినవాడికి కడుపులో బిడ్డనే కాపాడే పని.

పురాణ పాత్రను తెచ్చి ఈ కాలపు బట్టలు తొడిగితే అది వేషం. పురాణంలో తీరని బాకీని తెచ్చి ఈ కాలంలో తీర్పిస్తే అది కథ. అమితాబ్ బచ్చన్ అంత పెద్ద వయసులో ఆ పాత్రలో నిలబడితే నాకు మా వైపు బాగోతాల్లో తెల్లవారుజామున వేషం వేసే ముసలి చిందు కళాకారులు గుర్తొచ్చారు. రాత్రంతా వయసువాళ్లు ఆడతారు. తెల్లవారుజామున నిద్రపోయిన జనాన్ని లేపేది ముసలివాళ్ల గొంతు.

9. మర్లచ్చుడు

మా వైపు మర్లచ్చుడు అంటే తిరిగి రావడం. క్యాంప్‌బెల్ పట్టికలో కూడా చివరి భాగం ఇదే, ఆ మాట ఒప్పుకోవాలి. తెర మీద మాత్రం దీన్ని మింగేస్తారు. విలన్ పడగానే పేర్లు పడతాయి, లైట్లు వేస్తారు, లేదంటే రెండో భాగం వస్తుందని చెప్పి పంపిస్తారు.

సుందరకాండలో హనుమంతుడు తిరిగి వచ్చి రాముడితో మాట్లాడేటప్పుడు చూశాను అన్న మాట ముందు పెట్టాడనీ, సీత అన్న పేరు తర్వాత పెట్టాడనీ మా ఊరి హరిదాసు చెప్పేవాడు. సీత అని ముందంటే, ఆ తర్వాత ఏ మాట వస్తుందోనని రాముడి గుండె ఆ క్షణంలో ఏమైపోతుందో అని. దూకడం బలం. తిరిగొచ్చి మాటలను ఆ వరుసలో పేర్చడం బుద్ధి. అంగదుడు ఒడ్డున కూర్చుని చెప్పింది కూడా ఇదే కదా, పోగలను, రాగలనో లేదో అని. ఆయన పిరికివాడు కాడు, నిజం చెప్పినవాడు.

కొండగట్టు కింద బతికేవాళ్లకు ఇది ఊరికే కథ సంగతి కాదు. 2018 సెప్టెంబర్ 11న ఘాటు రోడ్డు దిగుతూ ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా పోయారు. పొద్దున ఇంటి నుంచి బయలుదేరినవాళ్లు, సాయంత్రానికి వస్తామని చెప్పినవాళ్లు. అప్పటి నుంచి మా ఇండ్లల్లో ఎవరైనా బయటికి పోతే "పోయస్త" అనాలి, "పోత" అనకూడదు అని చిన్నపిల్లలకు కూడా మళ్లీ నేర్పుతున్నాం.

మా మల్యాల మండలంలోనే లంబాడిపల్లి ఉంది. అక్కడ 2012లో మొదలైన 'మై విలేజ్ షో' ద్వారా గంగవ్వ లోకానికి తెలిసింది. ముసలితనంలో కెమెరా ముందుకొచ్చి, సినిమాల్లో వేసి, 2020లో బిగ్ బాస్ ఇంట్లోకి పోయింది. ఆరోగ్యం బాగాలేక ఆట మధ్యలో బయటికి వచ్చేసింది. పట్టిక పెట్టి కొలిస్తే ఆమె ఓడిపోయిన మనిషి. మా వైపు ఎవరూ అట్లా అనుకోలేదు. ఊరికి మర్లచ్చింది, ఎన్నాళ్లుగానో అనుకున్న ఇల్లు కట్టుకుంది. పెద్ద పెద్ద తెరల మీద నేను చూసిన రాకల కంటే ఆ రాక నాకు ఎక్కువ నచ్చింది.

ఇక నేను చేసిన తప్పు. వాడికి ఇది చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను.

డెబ్బైల్లో ఒక రామాయణం బొమ్మ ఆడుతున్నది, పేరెందుకు. మొదటి ఆట మధ్యలో కరెంటు పోయి ముప్పావు గంట పాడైంది. రెండో ఆట జనం గేటు దగ్గర తోసుకుంటున్నారు. యజమాని పైకి వచ్చి, రావణుడు పడ్డాక ఆపెయ్, మిగిలింది ఎవరడుగుతరు అన్నాడు. నేను కాదనవచ్చు. ఉస్తాద్ ఉంటే కాదనేవాడు. నేను రావణుడు పడగానే దీపం ఆర్పాను. జనం లేచి పోయారు. ఎవరూ అడగలేదు.

మర్నాడు మ్యాట్నీ మొదలయ్యే ముందు ఒక అవ్వ క్యాబిన్ ఇనుప మెట్లు పట్టుకుని పట్టుకుని పైకి ఎక్కి వచ్చింది. ముత్యంపేట వైపు మనిషి. అక్కడిదాకా ఆడవాళ్లు ఎవరూ ఎప్పుడూ రాలేదు. తలుపు దగ్గర నిలబడి, రొప్పుతూ, "కొడుకా, రాముడు ఇంటికి మర్లచ్చిండా?" అని అడిగింది.

"అచ్చిండవ్వా. కథ నీకు తెల్వదా?" అన్నాను.

"తెలుసు. చూడలే" అన్నది.

కాసేపాగి, తన కొడుకు బొంబాయి పోయి మూడేండ్లు అన్నది. అంతకంటే ఏమీ చెప్పలేదు. ఆ రోజుల్లో మా జిల్లాలో ఇంటికొకరు బొంబాయికో భీవండికో పోయి ఉండేవాళ్లు, దుబాయి దారి అప్పుడప్పుడే పడుతున్నది.

మ్యాట్నీ అయిపోయేదాకా మెట్ల కింద కూర్చోమన్నాను. నిజానికి మ్యాట్నీ చివర ఆ ముక్క వెయ్యాల్సిందే, వేశాను కూడా. కానీ ఆమె దగ్గర టికెట్‌కు పైసలు లేవు, గేటు మనిషి లోపలికి రానియ్యలేదు. హాలు ఖాళీ అయ్యాక ఆమెను లోపలికి తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాను. పైకి పోయి ఆఖరి రీలు మళ్లీ ఎక్కించాను. రెండు పాత కడ్డీల మొనలుంటే అవే పెట్టి వెలిగించాను. అవి సగం కాలినవి, తెర కొంచెం ఎర్రగానే ఉంది.

కిటికీలోంచి చూశాను. అంత పెద్ద హాలులో ఒక్క వీపు. పుష్పక విమానం వచ్చింది. ఊరి జనం ఎదురొచ్చారు. మోచేయి లేవలేదు. రాముడు దిగి తల్లి ముందు నిలబడినప్పుడు ఆమె బెంచీ మీంచి లేచి నిలబడింది. రీలు అయిపోయి తెర తెల్లగా అయ్యేదాకా అట్లనే నిలబడి ఉంది.

నేను కిందికి దిగి వచ్చేసరికి చెప్పులు చేతిలో పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చింది. కొండగట్టు బస్సు ఎన్ని గంటలకని అడిగింది. ఆరున్నరకన్నాను. ఇంకా టైమున్నదిలే అని నెమ్మదిగా బస్టాండు వైపు నడిచింది.